ధర తెలుసుకునే హక్కు ఎవరిది?

ఇంటర్నెట్‌లో నడిచే దుకాణాల్లో ఒక సౌకర్యం ఇప్పుడు మామూలైపోయింది. కొనేవాళ్లు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బులోనే వస్తువు ధర కనిపిస్తుంది. నరసాపురం లేసు టేబుల్ గుడ్డ ఒకటి అమ్మకానికి పెట్టారనుకుందాం. దాన్ని లండన్‌లో చూసే ఆమెకు ధర పౌండ్లలో ఉంటుంది. బెర్లిన్‌లో చూసే ఆమెకు యూరోల్లో, డాలస్‌లో స్థిరపడిన మన తెలుగమ్మాయికి డాలర్లలో, హైదరాబాద్‌లో కూర్చున్న మనకు రూపాయల్లో ఉంటుంది. కాగితం, పెన్సిలు తీసుకుని ఎవరూ లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఈ ఏర్పాటు వెనక ఉన్న సూత్రం చాలా సరళమైనది: డబ్బిచ్చే మనిషికి తాను ఎంత ఇస్తున్నదీ తనకు అలవాటైన లెక్కలో తెలియాలి.

ఈ సూత్రంతో నాకు పేచీ లేదు. ధర దాచి పెట్టే వ్యాపారం కంటే ధర విప్పి చెప్పే వ్యాపారం ఎప్పుడైనా మేలే. నా ప్రశ్న ఒక్కటే. అదే టేబుల్ గుడ్డ ఎంతకు అమ్ముడుపోయిందో దాన్ని అల్లిన స్త్రీకి ఆమె రూపాయల్లో, ఆమె భాషలో ఎవరు చెబుతున్నారు?

ఈ ప్రశ్నని ఇప్పుడే వేయడానికి కారణం ఉంది. చేతివృత్తుల స్త్రీలతో పనిచేసే మన సంస్థలన్నిటికీ ఈ మధ్య ఒకే సలహా వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లో అమ్మండి, దళారులు పోతారు, ప్రపంచమే మీ సంతగా మారుతుంది అంటున్నారు. పొదుపు సంఘాల సమావేశాల్లో, శిక్షణా తరగతుల్లో ఈ మాట చెప్పేవాళ్లలో ప్రభుత్వాధికారులూ ఉన్నారు, కంపెనీల వాళ్లూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు. సంత పెద్దదైతే మంచిదే. అయితే ఏ సంతలోనైనా ధర ఎవరికి తెలుసో వాళ్లకే బలం ఉంటుంది. అందుకే ఆ తెర మీద అంకె ఎలా మారుతుందో, మారినప్పుడు ఎవరి చేతిలో ఎంత మిగులుతుందో మనం ముందుగా అర్థం చేసుకోవాలి.

దుకాణం సాఫ్ట్‌వేరు కొనేవారి ఇంటర్నెట్ చిరునామాను బట్టి వాళ్లు ఏ దేశంలో ఉన్నారో పసిగడుతుంది. ఆ తర్వాత రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఆ రోజు మారకపు రేటు తీసుకుని, దాని మీద తమ రుసుము కొంత శాతం కలిపి, వచ్చిన అంకెను చూడడానికి నదురుగా ఉండేలా 49.99 అనో, 59 అనో సవరించి చూపించడం. రెండోది, ఒక్కో దేశానికి ఒక్కో ధరను అమ్మేవాళ్లే ముందుగా నిర్ణయించి పెట్టడం. మొదటి పద్ధతిలో మారకపు రేటు రోజూ పెరిగినా తగ్గినా ఆ తేడా కొనేవారి మీద పడుతుంది. రెండో పద్ధతిలో అమ్మేవారి మీద పడుతుంది. ఈ రెంటిలో దేన్ని ఎంచుకోవాలన్నది వ్యాపారులకు పెద్ద చర్చ. ఆ చర్చలో అల్లిన మనిషి ఊసు ఉండదు.

కొనేవారికి కూడా ఇందులో మోసపోయే సందులున్నాయి. స్త్రీలు వినియోగదారులు కూడా కాబట్టి అవీ తెలిసి ఉండాలి. చూపించే కరెన్సీ వేరు, వసూలు చేసే కరెన్సీ వేరు. విదేశీ దుకాణం తెర మీద రూపాయల్లో ధర చూపించి, చివరికి కార్డు నుంచి డాలర్లలో తీసుకోవచ్చు. అప్పుడు మన బ్యాంకు విదేశీ మారకం రుసుము అంటూ సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వేసి, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్‌టీ కలుపుతుంది. మీ దేశపు డబ్బులోనే చెల్లిస్తారా అని మర్యాదగా అడిగే ఇంకో పద్ధతి ఉంది. అది సౌకర్యంలా కనిపిస్తుంది కాని, ఆ మర్యాదకు వాళ్లు వేసే రేటు చాలాసార్లు బ్యాంకు రేటు కంటే ఎక్కువే పడుతుంది.

ఈ సందులు మూయడానికి చట్టాలు కదిలాయి. కార్డు చెల్లింపుల్లో కరెన్సీ మార్చినందుకు ఎంత అదనంగా తీసుకుంటున్నారో, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుతో పోల్చి శాతంలో చూపించాలని యూరోపియన్ యూనియన్ 2019లో నిబంధన చేసింది. అది 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అమ్మేవాళ్లు మొత్తం ధరను ఒకే అంకెగా చూపించాలి. అందులో వస్తువు ధర ఎంత, రవాణా ఎంత, పన్ను ఎంత అన్నది విడివిడిగా చెప్పాలి. మొదట తక్కువ ధర చూపించి చివర్లో ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయే పద్ధతిని 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు తప్పుడు ఎత్తుగడల జాబితాలో చేర్చాయి.

అంటే, ఒక వస్తువు ధరను విడగొట్టి, ఏ భాగం దేనికి పోతున్నదో చూపించడం సాధ్యమేనని, అలా అడగడం హక్కేనని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నట్టే. ఆ హక్కు దక్కింది డబ్బిచ్చి కొనుక్కునే మనిషికి. కళ్లు పోగొట్టుకుని అల్లిన మనిషికి ఆ వరసలో చోటు లేదు.

నరసాపురం ఉదాహరణ తీసుకోవడంలో నాకు ఉద్దేశం ఉంది. పశ్చిమ గోదావరి డెల్టాలో లేసు అల్లకం కొత్త పని కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చిన ఈ పని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పాకింది. మొదటి నుంచీ ఇది విదేశాల కోసం చేసే పని. మన ఇళ్లలో ఆ టేబుల్ గుడ్డలు పరిచే బల్లలే లేని రోజుల్లో మన స్త్రీలు వాటిని అల్లారు. ప్రపంచీకరణ అన్న మాట మన పత్రికల్లోకి రాక చాలాముందే ఆ అరుగుల మీదికి ప్రపంచ మార్కెట్టు వచ్చి కూర్చుంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ అధ్యయనం చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అన్న పుస్తకం ప్రచురించారు. స్త్రీల శ్రమ గురించి మాట్లాడే ప్రతివాళ్లకీ అది ఇప్పటికీ పనికొచ్చే పుస్తకం. ఆమె చూపించిన విషయం ఇది: రోజులో ఎన్నో గంటలు అల్లే ఈ స్త్రీలని ఎవరూ కార్మికులు అనలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. ఘోషాని గౌరవంగా భావించే కాపు కుటుంబాల్లో ఈ పేరు మరింత బాగా అతుక్కుంది. ఇంట్లో కూర్చుని చేసే పని కదా అన్న ఒక్క మాటతో వాళ్ల కూలి పొలం కూలి కంటే కూడా కిందికి పోయింది. పని చేతిపని, అతుకుపని అంటూ ముక్కలుగా విడిపోయింది. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని అతికేవాళ్లు వేరు. దారం తెచ్చే ఏజెంటు వేరు, పట్నంలో ఎగుమతి చేసే షావుకారు వేరు. పువ్వు అల్లిన ఆమె పూర్తయిన గుడ్డను చూడను కూడా చూడకపోవచ్చు. ఇక దాని ధర చూసేదెక్కడ?

ఆ తర్వాత కాలంలో మార్పులు రాలేదని నేననను. డ్వాక్రా సంఘాలొచ్చాయి, నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఆ పేరును రక్షిస్తుంది. వేరే ఊళ్లో చేసిన సరుకును నరసాపురం లేసని అమ్మకుండా ఆపుతుంది. నరసాపురంలో అల్లిన ఆమెకు ఎంత ముట్టాలో అది చెప్పదు.

ఆ ప్రాంతంలో జరిగిన ఒక సమావేశంలో లేసు అల్లే స్త్రీలతో కూర్చున్నప్పుడు ఒక దుకాణం పేజీని ఫోనులో తెరిచి చూపించాను. తెర మీద ధర డాలర్లలో ఉంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూపించగానే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వయసులో పెద్దావిడ ఒకామె ఫోను చేతిలోకి తీసుకుని, బొమ్మను దగ్గరగా చూసి, "ఇది మా పనేనండి. ఈ పువ్వు అంచు మా వైపే ఇలా తిప్పుతారు" అంది. ధర గురించి ఏమంటారని అడిగితే, "మాకు దారం కట్టకింతని ఇస్తారండి. అమ్మేది ఎంతకో మాకెవరు చెబుతారు? మేం అడిగితే, నీకెందుకే, నీ డబ్బులు నీకిచ్చాం కదా అంటారు" అంది. పక్కనున్న చిన్నామె మాత్రం ఊరుకోలేదు. "అంత రేటుకి అమ్ముతున్నారని తెలిస్తే కిందటి నెల రూపాయి తగ్గించినప్పుడు ఒప్పుకునేదాన్ని కాదండి" అంది.

ఆ చిన్నామె మాటలో ఈ సంపాదకీయం మొత్తం ఉంది. బేరం ఆడాలంటే ధర తెలియాలి. ధర తెలియని మనిషి చేసేది బేరం కాదు, బతిమాలడం.

మారకపు రేటు సంగతి కూడా కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే అసలు ఆట అక్కడే ఉంది. 1991 జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల దగ్గరున్న డాలరు మూడు రోజుల్లో 26 దగ్గరికి చేరింది. లెక్క కోసం 60 డాలర్లకు అమ్మే ఒక టేబుల్ గుడ్డను తీసుకోండి. జూన్ నెలాఖరులో అది 1,260 రూపాయలు. జూలై మొదటి వారంలో 1,560 రూపాయలు. దారం అదే, సూది అదే, అల్లిన చెయ్యి అదే. 300 రూపాయలు పెరిగాయి. అప్పటి పాలకులు చెప్పిన కారణం ఎగుమతులు పెరగాలని. 2022 జూలైలో డాలరు 80 రూపాయలు దాటింది. అదే 60 డాలర్లు 4,800 రూపాయలయింది. రూపాయి పడిపోయిన ప్రతిసారీ పేపర్లలో ఎగుమతిదారులకు లాభం అని రాస్తారు. ఎగుమతి చేసే వస్తువును చేసిన స్త్రీకి కూడా లాభం అని ఏ పేపరు రాసింది?

ఆమె కూలి రూపాయల్లో ఖాయమై ఉంటుంది. డాలరు పెరిగినప్పుడు వచ్చే తేడా ఆమె దాకా దానంతటదే దిగి రాదు. పైగా రూపాయి విలువ పడితే వంటగ్యాసు, నూనె, ఆటో చార్జీలు ఏదో ఒక దారిన పెరుగుతాయి. ఆ పెంపు మాత్రం ఆమె దాకా తప్పకుండా దిగి వస్తుంది. ఇక నష్టం వచ్చినప్పుడు చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. చిన్న పార్సిళ్లకు అంతవరకూ ఉన్న సుంకం మినహాయింపునూ తీసేసింది. మన తపాలా శాఖ కొంతకాలం అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడమే ఆపేసింది. ఇలాంటప్పుడు దుకాణం ఆర్డరు తగ్గిస్తుంది, ఎగుమతిదారు ఏజెంటుకు చెబుతాడు, ఏజెంటు వీధి చివర నిలబడి ఈ నెల పని లేదమ్మా అంటాడు. లాభం పైనే ఆగిపోతుంది, నష్టం మాత్రం కింద దాకా జారుతుంది. దీన్ని మార్కెట్ సహజ సూత్రం అంటే నేను ఒప్పుకోను. ఎవరికి సమాచారం ఉందో, ఎవరికి లేదో అన్నదాన్ని బట్టి నడిచే సూత్రం ఇది.

దళారీని తప్పించి సంఘమే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మితే ఇదంతా పోతుందా? కొంత పోతుంది. అక్కడ కూడా కొనేవాళ్లకు తమ డబ్బులో ధర కనిపిస్తుంది కాని, అమ్మిన సంఘానికి బ్యాంకులో రూపాయలు పడేదాకా తమకు ఎంత వస్తుందో ఖాయంగా తెలియదు. వేదిక కమిషను, చెల్లింపు రుసుము, కరెన్సీ మార్చిన రుసుము, బ్యాంకు వేసే రేటు, వాపసు వచ్చిన సరుకు ఖర్చు ఇలా ఒక్కొక్కటే కోత పడుతుంది. ఆ కోతల పట్టిక ఇంగ్లీషులో ఉంటుంది. చదివి చెప్పే మనిషి సంఘంలో ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరే కొత్త దళారీ అయ్యే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడ నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఈ దుకాణాల పేజీల్లో అల్లే స్త్రీల ఫోటోలు ఉంటాయి. గాజుల చేతులు, తల్లీ కూతుళ్లు, గుమ్మంలో కూర్చుని నవ్వే ముసలమ్మ. పల్లెటూరి స్త్రీలు తరతరాల నైపుణ్యంతో, ప్రేమతో, తీరిక వేళల్లో అల్లినవి అని కింద రాస్తారు. మరియా మీస్ 40 ఏళ్ల కిందట ఎండగట్టిన మాటనే ఇప్పుడు అమ్మకపు మాటగా వాడుకుంటున్నారు. ఆమె ముఖానికి ఆ పేజీలో చోటుంది, ఆమె కథకు చోటుంది. ఆమె కూలికి మాత్రం చోటు లేదు. ప్రేమతో అల్లింది అంటే ధర పెరుగుతుంది. ఎంత కూలికి అల్లింది అని రాస్తే అమ్మకం ఆగిపోతుందేమోనన్న భయం కాబోలు.

చట్టం వైపు చూస్తే, పని సరుకు ఇంటికి తీసుకెళ్లి చేసేవాళ్లని 1948 నాటి కనీస వేతనాల చట్టమే ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. కాగితం మీద ఉన్న ఆ మాట అరుగుల దాకా రాలేదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. దాని వెనక సేవా సంస్థతో సహా అనేక దేశాల స్త్రీల సుదీర్ఘమైన కృషి ఉంది. దానితోపాటు వచ్చిన 184వ సిఫార్సు, ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకు తమ పని షరతులు రాతపూర్వకంగా తెలియజేయాలంటుంది. ఆ ఒడంబడికను భారత ప్రభుత్వం ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి దగ్గర పనిచేసే కార్మికులకు నిర్వచనమైతే ఉంది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేసుకోవచ్చు. పేరు నమోదైతే ఆమె కార్మికురాలని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. ఆ కార్మికురాలు చేసిన వస్తువు ధర ఆమెకు చెప్పాలని మాత్రం ఎక్కడా లేదు.

మనం అడగాల్సింది అదే. దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ధర వ్యాపార రహస్యం అంటారు. ప్రపంచమంతా చూసే తెర మీద ఉన్న అంకె రహస్యం ఎలా అవుతుంది? అది ఒక్క అల్లిన మనిషికే రహస్యం. అమ్మే ధర చూసి ఆడవాళ్లు అంతా తమకే రావాలనుకుంటారు, రవాణా, అద్దె, ప్రకటనలు, వాపసుల ఖర్చులు వాళ్లకు అర్థం కావు అంటారు. ఆ ఖర్చులు నిజమే, నేను కాదనను. నిజమైన ఖర్చుల్ని చూపించడానికి భయమెందుకు? పొదుపు సంఘంలో అసలు, వడ్డీ, వాయిదా, జరిమానా పైసాతో సహా లెక్కగట్టే స్త్రీలకు ఈ లెక్క అర్థం కాదనడం అవమానం. ఇక ఇది సాంకేతికంగా కష్టం అన్న మాట అసలు నిలవదు. కొనేవారి దేశం పసిగట్టి రెప్పపాటులో ధర మార్చి చూపే సాఫ్ట్‌వేరు, అదే ధరను రూపాయల్లోకి మార్చి తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ పంపలేదా?

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి, ఇంటి దగ్గర పనిచేసే ప్రతి స్త్రీకీ తెలుగులో రాసిన పని కార్డు ఉండాలి. పని రకం, కూలి రేటు, దారం ఎంత ఇచ్చారు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి అందులో ఉండాలి. రెండు, ఆ వస్తువును ఏ దేశంలో ఎంతకు అమ్ముతున్నారో, ఆ రోజు రేటు ప్రకారం అది ఎన్ని రూపాయలో, అందులో ఏ ఖర్చు ఎంతో ఆ కార్డు మీదో, సంఘం గోడ మీదో రాయాలి. మూడు, మారకపు రేటు పెరిగినప్పుడు కూలి పెంచే పద్ధతి ముందే ఒప్పందంలో ఉండాలి. తగ్గినప్పుడు కనీస కూలి కిందికి పోకూడదు. నాలుగు, భౌగోళిక గుర్తింపు పేరు వాడుకుని అమ్మేవాళ్లకు ఈ షరతులు వర్తింపజేయాలి. అయిదు, 177వ ఒడంబడికను ప్రభుత్వం ధ్రువీకరించాలి.

ఇవి ఎవరో వచ్చి ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. రెండో డిమాండును మొదట అమలు చేయాల్సింది మన సంస్థలే. చేతివృత్తుల వస్తువులు అమ్మే స్వచ్ఛంద సంస్థలు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. వాటి పేజీల్లోనూ ధరలు కొనేవారి కరెన్సీలో కనిపిస్తున్నాయి. సంఘం సమావేశంలో ఆ పేజీని అందరి ముందు తెరవండి. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి బోర్డు మీద రాయండి. దాని కింద ఒక్కో ఖర్చూ తీసేస్తూ రండి, చివరికి కూలి దగ్గర ఆగండి. ఆ లెక్క చూసి స్త్రీలు వేసే ప్రశ్నలకు మన దగ్గర జవాబులుంటే మన పని సరిగా ఉన్నట్టు. జవాబులు లేకపోతే రేటు మార్చాల్సింది మనమే. దీనికి ఒక పూట పడుతుంది, ఒక సుద్దముక్క కావాలి.

వచ్చే సంచికలోగా మీ ఊళ్లో, మీ సంఘంలో ఇలాంటి ఒక్క లెక్కయినా వేసి మాకు రాయండి. లేసే కానక్కర్లేదు. కొండపల్లి బొమ్మ కావచ్చు, కలంకారీ గుడ్డ కావచ్చు, అప్పడాలు, పచ్చళ్లు కావచ్చు. అమ్మిన ధర, అల్లిన కూలి, మధ్యలో పోయినదెంత అన్నది రాస్తే చాలు. పేర్లు వద్దనుకుంటే వేయం. ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చి ప్రచురిస్తాం, కార్మిక శాఖ ముందు పెడతాం.